కాగితమే తెలుపు

కోనసీమలో పుట్టి పెరిగి, ఉద్యోగం కూడా ఇక్కడే వెలగబెట్టి, పచ్చరంగు వాడకుండా బొమ్మలు వేసేవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఇదేదో గొప్పకి చెప్పడం లేదు. పచ్చరంగు నాకు లొంగలేదు, అంతే. మొదట్లో నేనూ అందరిలాగే కొబ్బరిచెట్లు, వరిచేలు, అరటితోటలు పచ్చగా పులిమేవాణ్ణి. కాగితం మీద అవి పెళ్ళిపందిరికి కట్టిన ప్లాస్టిక్ తోరణాల్లా తయారయ్యేవి. ఇక్కడ పచ్చదనం మరీ ఎక్కువైపోయి, కన్ను దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. రోజూ చూసేవాడికి కనిపించేది ఆ పచ్చదనం మీద పడ్డ మంచు, దాని వెనకాల నీళ్ళు, ముసురు పట్టిన ఆకాశం. నేను అవే వేస్తూ వచ్చాను. బూడిదరంగు, కాస్త నీలం, ఎప్పుడైనా బుద్ధి పుడితే ఇటుకరంగు. నా రంగులపెట్టెలో అంతకు మించి వెతికినా దొరకవు.

నేను లెక్కల మేస్టారిని. రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో ఉద్యోగం. బొమ్మలు వెయ్యడం నాకు ఎవరూ నేర్పలేదు. ఆదివారం వస్తే సఖినేటిపల్లి రేవుకి పోయి, ఏటిగట్టు మీద గోనెసంచి పరుచుకుని కూర్చునేవాణ్ణి. పాడుచేసిన కాగితాలు చాలాకాలం మా ఇంట్లో పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చాయి. ఒకే ఒక్కసారి, ఒక పెద్దాయన దగ్గర ఒక్క ముక్క నేర్చుకున్నాను. ఆయన నరసాపురంలో డ్రాయింగు మేస్టారుట. గోదావరి దాటించే పంటు కోసం, అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ కార్లనీ కలిపి అవతలి ఒడ్డుకి చేర్చే పెద్ద పడవ కోసం, ఎదురు చూస్తూ నా వెనక నిలబడ్డాడు. నేను తెల్లరంగు తీసి నీళ్ళ మీద తళుకు వేస్తున్నాను.

"తెలుపు కొనకండి మేస్టారూ. కాగితమే తెలుపు. నీళ్ళు వెయ్యకూడదండి, వదిలెయ్యాలి," అన్నాడు.

ఇంతలో పంటు వచ్చింది, ఆయన ఎక్కి వెళ్ళిపోయాడు. నా చదువంతా అదే.

ఆ రోజు నుంచి వదిలెయ్యడమే నా పని అయింది. పైన పలచగా ఆకాశం, మధ్యలో అవతలి ఒడ్డు సన్నటి గీత, ఎక్కడో ఒక పడవ మరకలాగా. మిగతాదంతా కాగితం. చూసినవాళ్ళు నేను నొచ్చుకోకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, "ఇంకా అవలేదాండీ?" అని. అయిందని చెబితే "ఆయ్, అలాగాండీ" అని వాళ్ళే నొచ్చుకునేవారు. మా మనుషుల మర్యాద అలాంటిది, ఎదుటివాడి ముఖం మీద బాగోలేదని చచ్చినా అనరు. ఆలమూరులో ఉండే మా బావమరిది ఒక్కడికే ఆ మర్యాద లేదు. వచ్చినప్పుడల్లా "రంగులైపోయేయేంటి బావగారూ, ఆలమూరులో కొని పట్టుకురమ్మంటారా?" అని అడిగేవాడు. నేను ప్రతిసారీ నవ్వి, ప్రతిసారీ లోపల ఉడికేవాణ్ణి.

ఒకసారి అమలాపురంలో కొందరు మిత్రులు నా బొమ్మలు లైబ్రరీ హాల్లో గోడలకి తగిలించారు. ఊరినుంచి వచ్చినవాళ్ళు చూసి, కాఫీ తాగి వెళ్ళారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన మాత్రం చాలాసేపు నిలబడి, "మీ రంగుల్లో గొప్ప నిగ్రహం ఉంది" అన్నాడు. ఆ మాట జేబులో పెట్టుకుని బస్సెక్కాను. ఇంటికి రాగానే మా ఆవిడకి చెప్పాను.

"ఆ నిగ్రహమేదో కాస్త ఇంట్లో కూడా ఉంటే బాగుండునండీ," అంది.

నిజమే మరి. పప్పులో ఉప్పు తగ్గితే కంచం ముందుకి తోసే రకాన్ని నేను. కాగితం మీద ఒక గీత గియ్యడానికి గంటసేపు ఆలోచిస్తాను గాని, నోరు జారడానికి క్షణం చాలు.

బొమ్మ పూర్తయితే మొదట చూసేది తనే. వంటింటి గుమ్మం పక్కన బియ్యం డ్రమ్ము ఉంది. దానిమీద బొమ్మ నిలబెడతాను. తను చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలోనే నిలబడి చూస్తుంది. చూసి ఒక మాట చెబుతుంది. ఒకసారి "ఆ పడవ నీళ్ళ మీద లేదండీ, నీళ్ళ పక్కన ఉంది," అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ పూట అన్నం తింటూ మాట్లాడలేదు. మర్నాడు చూస్తే పడవ నిజంగానే గాల్లో ఉన్నట్టుంది. అలాగని అన్నిసార్లూ తన మాటే ఒప్పనేం లేదు. ఆకాశంలో కొంగలు వెయ్యమని ఏళ్ళ తరబడి అడిగింది, నేను వెయ్యలేదు, ఆ విషయంలో ఇప్పటికీ నాదే ఒప్పు. కానీ బొమ్మ వేసి తన ముందు పెట్టి, ఏమంటుందోనని చూసే ఆ కాస్సేపు కోసమే వేశానేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాత తర్వాత తను తప్పులు పట్టడం మానేసింది. ఏది పెట్టినా, "బాగుందండీ," అనేది. అంతే. నేను చివరికి చెయ్యి తిరిగినవాణ్ణి అయ్యానని మురిసిపోయాను. మా బావమరిదితో కూడా అన్నాను, మీ అక్క కూడా ఇక పేరు పెట్టలేకపోతోందోయ్ అని.

ఆ రోజుల్లో ఇద్దరం అలిసిపోయి ఉండేవాళ్ళం. బడిలో పాఠం చెప్పడం ఒక మూలకి పోయి, పిల్లల భోజనాలకీ మరుగుదొడ్లకీ ఫోటోలు తీసి ఫోనులో ఎక్కించడమే పెద్ద ఉద్యోగం అయిపోయింది. సిగ్నలు అందక డాబా మీద ఫోను పట్టుకుని తిరిగేవాణ్ణి. ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. తను సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు తంటాలు పడేది. తర్వాత జాకెట్లు కుట్టడమే మానేసింది. ఎందుకని అడిగితే నడుం నొప్పి అంది. తలుపు రెక్కకి భుజం కొట్టుకునేది, గ్లాసు అంచు దాటి టీ పోసేది. వయసు మీద పడుతోంది, తనూ నాలాగే అలిసిపోయింది అనుకున్నాను. చూసుకుని నడవలేవా అని విసుక్కున్నాను కూడా.

ముసురు రోజులు వచ్చాయి. నీటిరంగులకి మా సీమ గాలి పగవాడు. కాగితం తడిపి, చెక్కకి టేపుతో బిగించి ఆరబెడితే, ఈ తేమలో అది ఎప్పటికి ఆరుతుందో దేవుడికి తెలియాలి. ఒక పూత వేసి రెండో పూత వెయ్యాలంటే పొయ్యి దగ్గర పట్టుకోవాలి. నా బొమ్మల్లో నిగ్రహం సగం ఈ చెమ్మ పుణ్యమే అని హైదరాబాదు ఆయనకి చెప్పలేదు గాని, అది వాస్తవం. ఆ రోజు వీధి అరుగు మీద గోడకి రెండు చెక్కలు ఆనించి ఉన్నాయి. ఒకదాని మీద మంచులో రేవు, ఒంటరి పడవ. రెండోదాని మీద ఊరికే తడిపి బిగించిన తెల్లకాగితం. పొద్దున్నే తనతో చెప్పాను, మంచు బొమ్మ అయింది, ఆరాక చూపిస్తానని.

మధ్యాహ్నం, మంచి వెలుగులోనే, ఒక చెక్క తెచ్చి డ్రమ్ము మీద పెట్టాను. నా ధ్యాస ఊడిపోతున్న టేపు మీద ఉంది. తను వచ్చి, ఎప్పట్లాగే గుమ్మంలో నిలబడి, శ్రద్ధగా చూసింది.

"బాగుందండీ. మంచు బాగా వచ్చింది," అంది.

సంతోషంగా టేపు వదిలి బొమ్మ వైపు చూశాను. నేను తెచ్చింది రెండో చెక్క. దానిమీద ఏమీ లేదు.

ఆటపట్టిస్తోందనుకుని నవ్వబోయాను. తన ముఖంలో నవ్వు లేదు. కనుబొమలు కొంచెం దగ్గరకి వచ్చి, పెదవి బిగించి, బొమ్మ చూసేటప్పుడు ఎప్పుడూ ఎలా ఉంటుందో అలాగే ఉంది. పడవ ఎలా ఉందని అడిగాను.

"పడవ కూడా బాగుందండీ. ఎంతుండాలో అంతే ఉంది."

తర్వాత మాట్లాడింది నా కోపం. అందులో ఏమీ లేదని, అది తెల్లకాగితమని, ఎన్నాళ్ళనుంచి ఈ నాటకమని అరిచాను. భయం వేసినప్పుడు నాకు కోపం రావడం తనకి తెలుసు. తను దగ్గరకి వచ్చి కాగితం మీద అరచెయ్యి పెట్టింది. తడి తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంది. గుమ్మం మీద కూర్చుని, నెమ్మదిగా చెప్పింది.

"మీ బొమ్మలు మామూలుగానే కనపడీ కనపడనట్టుంటాయి కదండీ. తగ్గింది నా చూపో, మీ రంగో నాకు తెలీలేదు. వచ్చినవాళ్ళు కూడా ఏం కనపడట్లేదనే అనుకునేవారు. అందరితోపాటు నేనూ అనుకున్నాను."

నా జీవితంలో నా బొమ్మల గురించి ఇంతకంటే గట్టి మాట ఎవరూ అనలేదు. నేను ఇంకాస్త ముదురు రంగు వేసే మనిషినైతే తనకి ముందే తెలిసేది. ఇది అతిశయోక్తి కావచ్చు. సూదిలో దారం ఎక్కనప్పుడే తెలిసి ఉండాలి. అయినా నా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

అమలాపురం డాక్టరు చూసి రాజమండ్రి పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు. కొత్తపేట మీదుగా బస్సులో పోతుంటే కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఏం కనిపిస్తున్నాయని అడుగుతూ పోయాను. అన్నీ కనిపిస్తున్నాయండీ అంది. ఇక ఆ మాట నమ్మే స్థితిలో నేను లేను. ఆసుపత్రిలో చూపు ఎంతమేర ఉందో కొలిచే మిషను ముందు కూర్చోబెట్టారు. ఎదురుగా చుక్క వెలిగినప్పుడల్లా చేతిలో బొత్తాం నొక్కాలి. పరీక్ష అయ్యాక అక్కడి అమ్మాయి తలపట్టుకుంది. చుక్క వెలగనప్పుడు కూడా నొక్కుతున్నారండీ అంది. ఎందుకలా చేశావని బయట బెంచీ మీద అడిగాను. పాపం ఆ అమ్మాయి అంతసేపు నిలబడి చూస్తోంది, అస్సలు నొక్కకపోతే ఏం బాగుంటుందండీ అంది మా ఆవిడ. మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి నేను పక్కన నిలబడి, మర్యాద చెయ్యద్దని చెబుతూనే ఉన్నాను.

డాక్టరు నెమ్మదస్తుడు. దీన్ని తెలుగులో నీటికాసులంటారండి అన్నాడు. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి, చూపు నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుందట. నొప్పి ఉండదు, అందుకే ఎవరికీ తెలియదు. కుడికన్ను దాదాపు పోయింది, ఎడమకంటికి కూడా కుడిపక్క చూపు తగ్గింది అన్నాడు. నీటికాసులు. పాడు జబ్బుకి అంత అందమైన పేరు ఎవడు పెట్టాడోనని నాకు కోపం వచ్చింది.

"పోయిన చూపు తిరిగి రాదండి. ఉన్నది నిలుపుకోడానికే ఈ చుక్కలు. మానకూడదు," అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ జబ్బులో లేతరంగుల మధ్య తేడా తెలియకుండా పోతుందని, ఇంట్లో మెట్లకీ గుమ్మాలకీ ముదురు రంగు వేయించమని. వచ్చిన మర్నాడే నల్ల ఎనామిల్ డబ్బా కొని, మెట్ల అంచులన్నిటికీ వెడల్పుగా నేనే పట్టీలు వేశాను. గుమ్మం నిలువులకి కూడా వేశాను. తను ఒక్కొక్క మెట్టూ దిగి చూసి, కనపడుతున్నాయండీ అంది. అడుగు తడబడకుండా పడింది. ఇన్నేళ్ళలో నేను రంగు వేస్తే ఒక మనిషికి పనికిరావడం అదే మొదలు.

అప్పుడు పుట్టింది ఆలోచన. తనకి కనపడే బొమ్మ ఒకటి వెయ్యాలి. చుక్కల మందు వేస్తూనే ఉన్నాం, డాక్టరు దగ్గరకి తిరుగుతూనే ఉన్నాం. ఎడమకన్ను ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. అది నిలిచి ఉండగా, తను నా బొమ్మ ఒక్కటి నిజంగా చూడాలి. నేను కోరుకున్నది అంతే.

బతుకులో మొదటిసారి బొమ్మల కోసం నల్లరంగు కొన్నాను. ఎరుపు, పసుపు కొన్నాను. చివరికి పచ్చరంగు కూడా కొన్నాను. పెద్ద కాగితం తీసుకుని రేవుకి వెళ్ళాను. ఎడమపక్క కొబ్బరిచెట్లు. కుడిపక్క బయల్దేరుతున్న పంటు, దాని నిండా జనం, మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, అంచున నిలబడి ఎర్రచీరలో ఒక మనిషి. ఆ మనిషి తనే. వదిలెయ్యడానికి అలవాటుపడిన చెయ్యి మాట వినదు. రంగులో ముంచిన కుంచెని చెయ్యి దానంతటదే నీళ్ళ గ్లాసు వైపు తీసుకుపోయేది. నేను దాన్ని వెనక్కి లాగేవాణ్ణి. రెండు ఆదివారాలు అక్కడే కూర్చుని, ఒక్క అంగుళం కూడా వదలకుండా నింపాను. నడుం విరిగిపోయింది. పూర్తయ్యాక చూస్తే లారీ వెనక వేసే బొమ్మలా ఉంది. పంటు దగ్గర టిక్కెట్లు కోసే అతను ఏళ్ళ తరబడి నన్ను చూస్తున్నాడు, ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ రోజు వచ్చి చూసి, ఇప్పుడు బాగుందండి మేస్టారూ అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికి తెచ్చి డ్రమ్ము మీద పెట్టాను. ఈసారి పక్కకి చూడలేదు, తన ముఖమే చూస్తూ నిలబడ్డాను. తను గుమ్మంలో నిలబడింది. తిన్నగా చూసింది.

"ఇది బాగోలేదండీ," అంది.

నా ప్రాణం లేచి వచ్చింది. ఏం బాగోలేదో చెప్పు చెప్పు అని చిన్నపిల్లాడిలా అడిగాను. వేలు ఎడమపక్కకి చూపించింది. చెట్లు కాలిన కట్టెల్లా ఉన్నాయిట. ఆ పచ్చరంగు ఎవరిచ్చారండీ మీకు అని దెప్పింది. మొదటి చెట్టు గట్టు మీద కాదు, గట్టులో దిగబడినట్టుందిట. అన్నీ నిజాలే. ఒక్కొక్క తప్పూ చెబుతుంటే ఇంకా చెప్పమని బతిమాలాను. నేను తిట్లు తింటూ అంత సంతోషంగా ఉన్నది ఇంకెప్పుడూ లేదు. తనూ హుషారుగా, పాతరోజుల్లోలాగా మాట్లాడుతోంది. తర్వాత తన వేలు కుడివైపు కదిలి, మధ్యలో ఆగింది.

"చెట్లన్నీ ఇటు పోగేసి, ఆ పక్కంతా ఎందుకండీ ఖాళీగా వదిలేసేరు?"

ఆ పక్కనే పంటు ఉంది. జనం ఉన్నారు, ఎర్రచీర ఉంది. కొంచెం తల తిప్పితే కనిపించేవేమో. తిప్పమని నేను చెప్పలేదు.

"నీళ్ళు," అన్నాను.

తను కాస్సేపు అటే చూసింది.

"అదొక్కటే బాగుందండీ," అంది.